మార్చి నెల పెద్దవాడు

ఇంట్లో మొదట పుట్టిన బిడ్డకు, తర్వాత పుట్టినవాళ్ళకంటే మార్కులు ఎక్కువ వస్తాయని రాజధానిలోని బాల విద్యా సమతా మిషన్ కనిపెట్టింది. అందుకోసం మిషన్ నాలుగు వందల పన్నెండు కుటుంబాలను పరిశీలించింది. ఆ కుటుంబాలన్నీ మిషన్ కార్యాలయానికి ఎదురుగా ఉన్న అపార్టుమెంట్లలో ఉంటాయి. పెద్దబిడ్డకు రెండోబిడ్డకంటే సగటున పదకొండు మార్కులు, మూడోబిడ్డకంటే పదిహేడు మార్కులు ఎక్కువ వచ్చాయి. నాలుగోబిడ్డ గురించి నివేదికలో ఏమీ లేదు. ఆ అపార్టుమెంట్లలో నాలుగోబిడ్డ దొరకలేదు.

పెద్దబిడ్డకు మార్కులెందుకు ఎక్కువ వస్తాయన్నది నివేదిక అరవై మూడో పేజీలో ఉంది. తల్లిదండ్రులు ఆ బిడ్డ పక్కన కూర్చునే సమయం ఎక్కువ అని అక్కడ రాశారు. మిషన్ డైరెక్టర్ డాక్టర్ ప్రభావతీదేవికి నివేదిక సారాంశం రెండు పేజీల్లో అందింది. అరవై మూడో పేజీ అందులోకి రాలేదు.

"పుట్టిన వరుసను బట్టి మార్కులు రావడం అసమానత. అసమానతను మిషన్ సహించదు" అన్నారు డైరెక్టర్.

పిల్లలందరినీ మొదటి సంతానంగా ప్రకటించాలని ముసాయిదా తయారైంది. ఒక తల్లికి ఇద్దరు మొదటి బిడ్డలుండటానికి ప్రస్తుత చట్టాలు వీలివ్వవని, కవలల్లో కూడా కొన్ని నిమిషాల తేడా ఉంటుందని న్యాయ విభాగం జవాబిచ్చింది. అప్పుడు ఉప సంచాలకుడొకరు వంతుల పద్ధతి సూచించారు. ఆయనది మంచినీళ్ళు వీధుల వారీగా వదిలే పట్టణం.

ఆ విధంగా జ్యేష్ఠ స్థాన వంతుల పథకం వచ్చింది. ఇంట్లో ఒక్కో బిడ్డ ఒక్కో నెల పెద్దబిడ్డగా ఉండాలి. నెల పూర్తి కాగానే ఆ బిడ్డ వరుసలో ఆఖరికి పోతుంది, రెండో స్థానంలోని బిడ్డ పైకి వస్తుంది. ఆ నెల పెద్దబిడ్డ చొక్కాకు పసుపుపచ్చ బ్యాడ్జి పెట్టాలి. మిగతా పిల్లలు ఆ బిడ్డను వయసుతో నిమిత్తం లేకుండా అక్కా అనో అన్నా అనో పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే ఉల్లంఘన. పథకం పాటించని ఇంటి పిల్లలకు బడిలో ఇచ్చే బ్యాగు, బూట్లు ఇవ్వరు.

ముందు ఒక ఊళ్ళో అమలు చేసి చూద్దామనుకున్నారు. మ్యాపు మీద వేలు పెట్టారు. తుమ్మలకుంటపాడు తగిలింది.

తుమ్మలకుంటపాడులో జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. ఆడవాళ్ళు పొద్దున ఆరింటికి ముఠా మేస్త్రి ఆటో ఎక్కితే సాయంత్రం ఐదున్నరకు దిగుతారు. ఒక్క రోజు మానితే ఆటోలో ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆ ఏడు మళ్ళీ రాదు. చిన్నపిల్లల్ని ఇంట్లో పెద్దపిల్ల చూసుకుంటుంది. ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. దాని టీచరు ఆ మూడు నెలలూ సర్వే డ్యూటీలో ఉంటుంది. పిల్లలు అంగన్‌వాడీకి ఎందుకు రావడం లేదన్నది సర్వే.

యాకోబు, సువార్తమ్మల ఇంట్లో పెద్దపిల్ల దీవెన. పదిహేనేళ్ళు, పదో తరగతి. ఆమె తర్వాత సామ్యేలుకు పదమూడు, రూతుకు పది, ఆశీర్వాదానికి మూడు. యాకోబు పట్నంలో మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు, ఆదివారం వస్తాడు.

డిసెంబరు పరీక్షలో దీవెనకు లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ విజయభారతి ఆమెను పిలిచింది.

"ఈ మూడు నెలలు రోజూ వస్తే పాసవుతావు. రాకపోతే అవవు. ఇంతకంటే నేను చెప్పేదేం లేదు."

"కోతలు మేడమ్" అంది దీవెన.

క్రితం ఏడు ఈ మాట ఏడుగురు పిల్లలు చెప్పారు. వాళ్ళలో ఐదుగురు ఇప్పుడు ఆరింటి ఆటోలో పోతున్నారు.

డిసెంబరు ఆఖరి వారంలో మండల విద్యాశాఖాధికారి నరహరిరావు బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. ఆయనకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఉత్తర్వు వస్తే చదువుతారు, చదివింది చెబుతారు, చెప్పింది చేయిస్తారు.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చదివారు. ఇప్పటిదాకా పెద్దబిడ్డగా ఉన్నవారు తమ వంతు అనుభవించినట్టుగా భావించాలని, జనవరి ఒకటి నుంచి రెండోబిడ్డతో పథకం ప్రారంభమవుతుందని చెప్పి కాగితం మడిచారు.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. "సార్, మా ఇంట్లో నేను ఐదోవోణ్ణి. నాకూ వంతొస్తదా?"

"పద్దెనిమిదేళ్ళ లోపు వారికే."

"మా అన్న పొలమంతా పెద్దోణ్ణని చెప్పి తన పేర రాయించుకున్నాడు సార్. నాకు ఒక్క నెల చాలు."

"నీకు నెల ఎందుకు పెదనాయనా, సంతకం పెట్టేదానికి ఒక పూట చాలదా?" అన్నారెవరో. సభ నవ్వింది. నరహరిరావు నవ్వు ఆగేదాకా ఉండి, "ఇంకేమైనా సందేహాలు?" అన్నారు.

సువార్తమ్మ లేచింది. "సార్, పెద్దపిల్ల అయినోళ్ళు పెద్దపిల్ల చేసే పన్లన్నీ చెయ్యాల్నా? బిళ్ళ పెట్టుకుంటే చాలా?"

నరహరిరావు మళ్ళీ కాగితం విప్పారు. "ఏడో పేరా. 'జ్యేష్ఠ స్థానమందున్న బిడ్డకు సదరు స్థానమునకు చెందిన సమస్త హక్కులు, సమస్త బాధ్యతలు సంక్రమించును.' సమస్త అంటే అన్నీ."

"అన్నం వండేది?"

"సమస్త."

"అంట్లు?"

"సమస్త అన్నాను గదమ్మా."

"చంటోణ్ణి ఎత్తుకుని తిరిగేది?"

"ఎన్నిసార్లు చెప్పాలి? సమస్తం!"

"మగపిల్లోడైనా?"

నరహరిరావు పేరా మొత్తం ఇంకోసారి చదువుకున్నారు. "బిడ్డ అని ఉంది. ఆడ, మగ అని లేదు."

సువార్తమ్మ కూర్చుంది. పక్కనే ఉన్న దీవెన వైపు చూడలేదు. "ఆ కాయితం మాక్కూడా ఒకటి ఇప్పిచ్చండి సార్" అంది.

జనవరి ఒకటిన పొద్దున ఐదున్నరకు సామ్యేలు చొక్కాకు బ్యాడ్జి ఎక్కింది. దాన్ని అద్దంలో చూసుకుంటుండగా తల్లి అంట్ల గంప తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేందమ్మా?"

"ఏడో పేరా" అని సువార్తమ్మ ఆటో ఎక్కింది.

మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు ఉడకలేదు. మూడో రోజు తినగలిగారు. సామ్యేలు తమ్ముణ్ణి చంకనేసుకుని బోరింగు దగ్గరికి పోతుంటే క్రికెట్ ఆడుతున్న పిల్లలు బంతి ఆపారు.

"సామ్యేలక్కా! మా ఇంట్లో కూడా అంట్లున్నయ్యే!"

"మీ ఇంట్లో నీ వంతు ఎప్పుడురా?"

"ఫిబ్రవరి."

"ఫిబ్రవరిలో మాట్లాడుకుందాం."

వారం తిరిగేసరికి బోరింగు దగ్గర పదకొండు మంది మగపిల్లలు బ్యాడ్జీలతో గిన్నెలు తోముతున్నారు. బూడిద మంచిదా, సబ్బు పొడి మంచిదా అని వాళ్ళ మధ్య రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక ముసలమ్మ చేతికర్ర ఆనించుకుని కొంతసేపు చూసి, "అడుగు బాగా రుద్దరా నాయనా, పైపైన కాదు" అని చెప్పి పోయింది.

దీవెన ఆ ఇంట్లో ఇప్పుడు ఆఖరి బిడ్డ. ఆఖరి బిడ్డకు పనేమీ ఉండదు. జనవరి రెండున ఆమె తొమ్మిదింటికి బడి గేటు దగ్గర కనిపించింది. మూడున, నాలుగున కూడా కనిపించింది.

"అన్నా, నా రిబ్బనేది?" అని పొద్దున్నే సామ్యేలును అడిగేది.

"నన్నడుగుతావేంది?"

"పెద్దోడివి నువ్వే గదా. పేరు పెట్టి పిలిస్తే బూట్లివ్వరంట."

సామ్యేలు రిబ్బను వెతికిచ్చేవాడు. అతను గోడ మీద బొగ్గుతో రోజులు గీశాడు. ముప్పై ఒకటో గీత మిగతావాటికంటే పొడుగు.

ఫిబ్రవరిలో రూతు పెద్దదైంది. ఆమె అన్నం వండి, తమ్ముణ్ణి చంకనేసుకుని నేరుగా ఐదో తరగతికి పోయింది. చిన్నపిల్లల్ని తేకూడదని టీచరు అంటే, "ఈడు మా ఇంట్లో రెండోవోడు టీచర్, చిన్నోడు కాదు. చిన్నోడు మా సామ్యేలు. వాణ్ణి తీసుకు రాలా గదా" అంది. టీచరు ఉత్తర్వు తెప్పించుకుని చూసింది. వరుస సరిగ్గానే ఉంది. ఆశీర్వాదం నెలరోజులు ఐదో తరగతిలో కూర్చున్నాడు. రెండో ఎక్కం మొదటి మూడు వరసలు వచ్చాయి.

విజయభారతి తన పుస్తకంలో ఒక మాట రాసుకుంది: చాలా ఇళ్ళల్లో ఒకరు మూడు నెలలు బడి మానే బదులు, మిగతావాళ్ళు తలా కొన్ని రోజులు మానారు. పథకం పెట్టినవాళ్ళు అనుకున్నది ఇది కాదని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. దీవెనకు ఫిబ్రవరి పరీక్షలో లెక్కల్లో యాభై రెండు వచ్చాయి.

మార్చి నెల ఆశీర్వాదానిది. దీవెన పరీక్షలు మార్చి పదిహేడున మొదలై ముప్పై ఒకటిన అయిపోతాయి.

ఫిబ్రవరి ఆఖరి రోజు అమావాస్య. కోతలు లేవు. సువార్తమ్మ ఆశీర్వాదాన్ని చంకనేసుకుని, ఇంకో ఆరుగురు తల్లుల్ని వెంటబెట్టుకుని నరహరిరావు ఆఫీసుకు వచ్చింది. ఆ ఆరుగురి చంకల్లోనూ పిల్లలున్నారు.

"సార్, రేపట్నుంచి మా ఇంటి పెద్దోడు ఈడు."

నరహరిరావు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "నీ పేరేంటి బాబూ?"

"సింహం" అన్నాడు ఆశీర్వాదం. ఆ రోజుల్లో అతను సింహం.

"ఈడు అన్నం వండాల్నా సార్?"

"సమస్త..." అని మొదలుపెట్టి నరహరిరావు ఆగారు. "మీ పెద్దమ్మాయి ఉంది గదమ్మా. ఈ ఒక్క నెల ఆ అమ్మాయి చూసుకుంటుందిలే."

"పదకొండో పేరా సార్. వంతు లేని బిడ్డ పెద్దబిడ్డ పని చేస్తే ఉల్లంఘన. మీరే చదివారు గదా." సువార్తమ్మకు చదువు రాదు. కాగితం దీవెన చేత ఎన్నిసార్లు చదివించుకుందో తెలియదుగాని పేరాలు వరసన వచ్చు. "పద్నాలుగో పేరా కూడా ఒకసారి చూడండి సార్."

నరహరిరావు చూశారు. ఆ పేరా ఆయన గ్రామసభలో కూడా చదివారు. అప్పుడు అది ఆయనకు వినిపించలేదు. "'వయోపరిమితి కారణంగా జ్యేష్ఠ బిడ్డ బాధ్యతలు నిర్వర్తింపలేని ఎడల, సంబంధిత అధికారి సదరు బిడ్డకు స్వయముగా సహాయము అందజేయవలెను.'"

"సంబంధిత అధికారంటే ఎవరు సార్?"

నిర్వచనాలు రెండో పేజీలో ఉన్నాయి. నరహరిరావు రెండో పేజీ తీశారు. అక్కడ ఉన్నది ఆయన హోదాయే. అటెండరు కిటికీ వైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఎన్నింటికి రావాలమ్మా?" అన్నారు నరహరిరావు.

"ఆరింటికి సార్. అన్నం నేను పొద్దున్నే వండి పెట్టి పోతా. చంటోణ్ణి చూసుకుంటే చాలు."

ఊళ్ళో అయిదేళ్ళలోపు జ్యేష్ఠులు ఆ నెల నలభై ముగ్గురు తేలారు. నరహరిరావు ఫోన్ చేసి మిషన్‌ను వివరణ అడిగారు. ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేయవలసిందని ఒక వాక్యం జవాబు వచ్చింది. ఒక మనిషి నలభై మూడు ఇళ్ళలో ఉండలేడు కాబట్టి, జ్యేష్ఠులనే ఒకచోటికి రప్పించాలని ఆయన నిర్ణయించారు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం కోసం వెతికారు. అంగన్‌వాడీ దొరికింది. తలుపుకు 'జ్యేష్ఠుల సహాయ కేంద్రం' అని బోర్డు పెట్టించారు.

మొదటి రోజు జ్యేష్ఠులు నలభై ముగ్గురూ ఏడ్చారు. రెండో రోజు ముప్పై మంది. సీనియర్ అసిస్టెంట్ రమణయ్యకు పప్పన్నం కలిపి ఒక చేత్తో ఇద్దరికి పెట్టడం అలవాటైంది. అటెండరు చీరతో ఉయ్యాల కట్టాడు. నరహరిరావు మొదటి వారం టక్ చేసుకుని వచ్చారు, రెండో వారం లుంగీ ఒకటి సంచిలో తెచ్చుకున్నారు. హాజరు, భోజనం, నిద్ర, కాలకృత్యాలు అని నాలుగు గడులతో రిజిస్టరు తెరిచారు. నాలుగో గడి త్వరగా నిండేది.

ఆశీర్వాదం మధ్యాహ్నం నిద్రపోయేవాడు కాదు. నరహరిరావు భుజాన వేసుకుని జోకొట్టారు, పాట పాడారు. ఆయన పాటకు మిగతావాళ్ళు కూడా లేచారు. ఒకరోజు విసిగి, అతన్ని భుజాన వేసుకునే జేబులోంచి ఉత్తర్వు తీసి తన మానాన తాను చదువుకోవడం మొదలుపెట్టారు. రెండో పేరా ముగిసేసరికి ఆశీర్వాదం తల వాలింది. మర్నాడు పరీక్షించారు. మళ్ళీ రెండో పేరాకే. మూడో రోజు నుంచి కేంద్రంలో భోజనాల తర్వాత ఉత్తర్వులు గట్టిగా చదివే పద్ధతి ప్రవేశపెట్టారు. నలభై ముగ్గురూ పడుకునేవారు. రమణయ్య కూడా.

మార్చి పదిహేడున దీవెన హాల్ టికెట్ పట్టుకుని కేంద్రం గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నయ్యా, పోయొస్తా."

"పో" అన్నాడు ఆశీర్వాదం.

ఇరవై రెండున డాక్టర్ ప్రభావతీదేవి ఇద్దరు పరిశోధకులతో, ఒక ఫొటోగ్రాఫరుతో వచ్చారు. తలుపు తీస్తే లోపల నలభై మూడు పసుపుపచ్చ బ్యాడ్జీలు నేల మీద పాకుతూ కనిపించాయి. మధ్యలో భుజాన తువ్వాలుతో నరహరిరావు.

"ఏమిటిది?"

"జ్యేష్ఠుల సహాయ కేంద్రం మేడమ్. పద్నాలుగో పేరా."

డైరెక్టర్ ఒక జ్యేష్ఠుడి ముందు వంగారు. "బాబూ, ఈ స్థానం నీలో ఎటువంటి లక్షణాలను పెంపొందించింది?"

"నేను సింహం."

"నాయకత్వం" అన్నారు డైరెక్టర్. పరిశోధకుడు రాసుకున్నాడు.

తర్వాత విజయభారతి గదిలో గణాంకాలు చూశారు. పెద్దస్థానం నుంచి దిగిపోయిన ఆడపిల్లల హాజరు నలభై ఒకటి నుంచి తొంభై ఆరు శాతానికి పెరిగింది. లెక్కల్లో సగటున ముప్పై మార్కులు పెరిగాయి.

"అంటే, జ్యేష్ఠ స్థానం పోవడం వల్ల మార్కులు పెరిగాయి" అన్నారు డైరెక్టర్.

"ఇంటి పని తప్పింది మేడమ్. బడికొచ్చారు" అంది విజయభారతి.

"అది మీ అభిప్రాయం. నేను దత్తాంశాలు మాట్లాడుతున్నాను. మా అధ్యయనం ప్రకారం జ్యేష్ఠ స్థానం మార్కులు పెంచుతుంది. ఇక్కడ తగ్గిస్తోంది. రెండింటిలో ఒకటి తప్పు."

"ఏది మేడమ్?"

"మాది ముద్రణ అయిపోయింది."

ఆ లెక్కన తప్పు తుమ్మలకుంటపాడుదని తేలింది. మార్చి ఇరవై నాలుగు సోమవారం రద్దు ఉత్తర్వు వచ్చింది. పథకం తక్షణం రద్దు. పుట్టిన వరుస పునరుద్ధరణ. అసలు పెద్దబిడ్డలు తమ స్థానాల్లో, బాధ్యతల్లో తిరిగి చేరాలి. సహాయ కేంద్రం మూసివేయాలి. దీవెనకు ఇంకా మూడు పరీక్షలున్నాయి.

సాయంత్రం ఐదున్నరకు సువార్తమ్మ ఆటో దిగి నేరుగా కేంద్రానికి వచ్చింది. చేతులకు మిరప ఘాటు పోలేదు. కొడుకును ముట్టుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"రేపట్నుంచి మీరు రారంట గదా సార్."

"ఉత్తర్వు వచ్చిందమ్మా."

"ఎల్లుండి దీవెనకి సైన్సు."

నరహరిరావు బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"నేను మానితే ఆటోలో చోటు పోద్ది సార్. అది మానితే పరీక్ష పోద్ది. ఏది మానాల్నో ఆ కాయితంలో ఉందా?"

"లేదమ్మా" అన్నారు నరహరిరావు.

ఆయన రద్దు ఉత్తర్వు మొదటి నుంచి చదివారు. ఈసారి వింటూ చదివారు. మూడో పేరా దగ్గర ఆగి, వేలు పెట్టి మళ్ళీ చదివారు. 'ప్రస్తుత జ్యేష్ఠులు తమ బ్యాడ్జిని స్వచ్ఛందముగా అధికారికి అప్పగించి వేలిముద్ర వేసిన తేదీ నుండి సదరు గృహమునందు రద్దు అమలులోకి వచ్చును. బలవంతముగా తీసుకొనరాదు.'

నరహరిరావు ఆశీర్వాదం ముందు గొంతుక్కూర్చున్నారు. అరచెయ్యి చాపారు.

"జ్యేష్ఠులవారూ, బ్యాడ్జి ఇస్తారా?"

ఆశీర్వాదం రెండు చేతులతో బ్యాడ్జిని కప్పుకున్నాడు. "ఇవ్వను."

"చాక్లెట్ ఇస్తే ఇస్తాడు సార్" అన్నాడు అటెండరు.

"ప్రలోభపెట్టడం కూడా బలవంతం కిందికే వస్తుంది" అన్నారు నరహరిరావు. లేచి బల్ల దగ్గరికి పోయి రిజిస్టరులో రాశారు: 'జ్యేష్ఠులు అప్పగింతకు నిరాకరించారు. రేపు మరల కోరబడును.' పెన్ను మూసి, "పొద్దున ఆరింటికి తీసుకురామ్మా" అన్నారు.

ఆయన రోజూ సాయంత్రం ఐదున్నరకు ఒక్కొక్క జ్యేష్ఠుణ్ణి ఒకసారి అడిగారు. నలభై ముగ్గురిలో ముప్పై నలుగురు ఇవ్వం అన్నారు. తొమ్మిదిమంది ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు పక్కవాళ్ళకు బ్యాడ్జీలుండటం చూసి ఏడ్చి, వేలిముద్ర పడకముందే తిరిగి తీసుకున్నారు. దాన్ని 'అప్పగింత ఉపసంహరణ' అని నమోదు చేశారు. మిషన్ నుంచి ఫోన్ వస్తే నరహరిరావు మూడో పేరా చదివి వినిపించారు. అవతలివాళ్ళు రెండో వాక్యానికే పెట్టేశారు.

మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం సాంఘిక శాస్త్రంతో పరీక్షలు అయిపోయాయి. దీవెన కేంద్రానికి వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుంది.

"అన్నయ్యా, అయిపోయినయి."

ఆశీర్వాదం బ్యాడ్జి పీకి నరహరిరావు వైపు విసిరాడు. నెల రోజుల్లో దాని మీద ఇష్టం పోయింది. ఇప్పుడు అతను సింహం కూడా కాదు, ట్రాక్టరు. బ్యాడ్జి ఏరుకుని నరహరిరావు జేబులో వేసుకున్నారు.

"స్వచ్ఛందంగానే ఇచ్చారు సార్" అన్నాడు రమణయ్య, స్టాంపు ప్యాడ్ డబ్బా మూత తీస్తూ. "వేలిముద్ర తీసుకుందామా?"

నరహరిరావు ప్యాడ్ మీద వేలు పెట్టి చూశారు. "ఎండిపోయింది. కొత్తదానికి జిల్లా ఆఫీసుకు ఇండెంట్ పెట్టండి."

దీవెన పాసయింది. లెక్కల్లో అరవై ఒకటి. జూన్‌లో పట్నంలో గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వచ్చింది. తెల్ల చొక్కా, ట్రంకుపెట్టెతో బస్సెక్కింది. సువార్తమ్మ కూడా దిగబెట్టడానికి పోయింది. అప్పుడు కోతలు లేవు.

మిషన్ తుది నివేదిక ఆగస్టులో వచ్చింది. తుమ్మలకుంటపాడు ఫలితాలు సాధారణ ధోరణికి భిన్నంగా ఉన్నందువల్ల వాటిని లెక్కలోంచి తొలగించినట్టు అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. ఆఖరి బిడ్డలకు ముద్దు ఎక్కువని, మార్కులు కూడా ఎక్కువేమో పరిశీలించాలని డైరెక్టర్ ముందుమాటలో సూచించారు.

జనవరి మళ్ళీ వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళలో పెద్ద ఆడపిల్ల రూతు. పదకొండేళ్ళు, ఆరో తరగతి. జనవరి రెండున పొద్దున్నే ఆమె బ్యాగు సర్దుకోలేదు. అంట్లు బయట పెట్టుకుంది, తమ్ముణ్ణి చంకనేసుకుంది. ఆశీర్వాదం నాలుగేళ్ళవాడు, కిందటేటికంటే బరువెక్కాడు. సామ్యేలు తన వంతు ఎప్పుడో అయిపోయిందని దుప్పటిలోంచే చెప్పాడు. సువార్తమ్మ ఆటో కోసం రోడ్డెక్కింది.

రెండిళ్ళ అవతల అంగన్‌వాడీ తలుపు తీసి ఉంది. గుమ్మంలో నరహరిరావు లుంగీ కట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల అటెండరు ఉయ్యాల కడుతున్నాడు.

సువార్తమ్మ ఆటో ఆపి దిగింది. "మళ్ళీ ఏదన్నా ఉత్తర్వు వచ్చిందా సార్?"

"పాతదే."

"అది రద్దయింది గదా?"

"మీ ఇళ్ళల్లో ఇంకా కాలేదమ్మా. వేలిముద్రలు పడలేదు. స్టాంపు ప్యాడ్ రాలేదు." నరహరిరావు జేబులోంచి బ్యాడ్జి తీశారు. అంచు కొద్దిగా తుప్పు పట్టింది. "వరుస అక్కడే ఆగింది. రికార్డు ప్రకారం మీ ఇంట్లో జ్యేష్ఠుడు ఇప్పటికీ వీడే. రేపు ఆరింటికంటే ముందే తీసుకురండి, మిగతావాళ్ళకు కూడా చెప్పండి."

ఆటో మేస్త్రి హారన్ కొట్టాడు. సువార్తమ్మ ఇంటి వైపు తిరిగి గట్టిగా, "రూతూ! చంటోణ్ణి ఇటు తీసుకురా. గిన్నెలు సామ్యేలుకియ్యి. నీ బ్యాగు తెచ్చుకో" అని కేకేసి ఆటో ఎక్కింది.

దుప్పటిలోంచి "నా వంతు..." అని వినిపించింది. అంట్ల గంప లోపలికి పోయిన చప్పుడు కూడా వినిపించింది.

ఆశీర్వాదం బ్యాడ్జి పెట్టించుకుని నరహరిరావు భుజమెక్కాడు. పెందరాళే లేపారు కాబట్టి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"చదువు" అన్నాడు.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టారు నరహరిరావు.

రెండో పేరా దాకా పోవలసిన అవసరం రాలేదు. తొమ్మిదింటికి రూతు బ్యాగు ఊపుకుంటూ బడి గేటు దాటింది.